ఆలోచనలకు కొదవ లేదు, బాకీ మాటేమిటి?

2024 మే 7. సార్వత్రిక ఎన్నికల మూడో విడత పోలింగ్ రోజు. గుజరాత్‌లోని 26 లోక్‌సభ స్థానాలలో 25 చోట్ల ప్రజలు ఓటు వేశారు. సూరత్‌లో వేయలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ప్రతిపాదకుల సంతకాల వివాదంలో తిరస్కరణకు గురైంది. బరిలో మిగిలిన వారంతా తప్పుకున్నారు. ఏప్రిల్ 22న భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. 1957 నుంచి 1977 వరకు వరుసగా అయిదు ఎన్నికలలో మొరార్జీ దేశాయ్‌ని గెలిపించి పంపిన నియోజకవర్గం అది.

ఓటు లేని నగరంలో పోలింగ్ రోజు ఎలా గడుస్తుందో చూడాలని నేను ఆ వారం అక్కడ ఉన్నాను. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మరమగ్గాలు ఎప్పటిలాగే చప్పుడు చేస్తున్నాయి. బట్టల మార్కెట్లలో మూటలు ఎప్పటిలాగే కదులుతున్నాయి. రాయవలసిన వార్త ఒక పూటలో ముగిసింది. తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది. చేతిలో పని లేదు. తల నిండా ఆలోచనలు. ఈ వ్యాసం ఆ మూడు రోజుల గురించీ, ఆ తరువాత నాకు అర్థమైన ఒక విషయం గురించీ. రాజకీయాల కోసం ఇక్కడికి వచ్చే చదువరులు కొంచెం ఓపిక పట్టగలరు. చివరికి ఇది రాజకీయాల దగ్గరికే వస్తుంది.

లింబాయత్‌లో ఒక తెలుగు పెద్దాయన ఉన్నారు. తెలంగాణ నేత కుటుంబాల నుంచి దశాబ్దాల కిందట బతుకుదెరువు కోసం సూరత్ చేరిన వేలాది మందిలో ఒకరు. కొందరు షోలాపూర్‌కు, కొందరు భివండీకి, కొందరు సూరత్‌కు వెళ్లిన వలస అది. అంతకు ముందు రెండుసార్లు సూరత్ వెళ్లినప్పుడు ఆయన తన జీవితమంతా నాకు చెప్పారు. ఇరుగుపొరుగు కుటుంబాల వారిని పిలిపించి వారిచేత కూడా చెప్పించారు. నేను అవన్నీ రాసుకున్నాను, రికార్డు చేసుకున్నాను, పుస్తకం వేస్తానని మాట ఇచ్చాను. ఆ రోజు నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఓటు గురించి కాదు.

“మా ముచ్చట రాస్తనంటిరి గద సారూ, ఎక్కడిదాక వచ్చింది?”

“రాస్తూనే ఉన్నాను తాతా” అన్నాను. అబద్ధం. నేను ఒక్క అధ్యాయం కూడా రాయలేదు. అయితే రాయకపోవడానికి సోమరితనం కారణం కాదు. ఆ పుస్తకం గురించి నేను ఆలోచించని రోజు లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ రాత్రి బస చేసిన గదిలో నోటు పుస్తకం తెరిచాను. తెల్లవారేసరికి అందులో పదకొండు పుస్తకాల ప్రణాళికలున్నాయి. సూరత్ అంటే నేతగాళ్లు మాత్రమేనా? 1907 డిసెంబరులో కాంగ్రెస్ మితవాదులుగా, అతివాదులుగా చీలిపోయింది ఈ ఊళ్లోనే కదా, అక్కడి నుంచి మొదలుపెడితే? 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం, 1938లో సుభాస్ చంద్రబోస్ అధ్యక్షత వహించిన హరిపుర మహాసభ ఈ జిల్లావే కదా, వాటిని కలుపుకుంటే? 1994 నాటి ప్లేగు, 2006 నాటి తాపీ వరద, ఈ రెంటి నడుమ వలస కార్మికుల కథ ఒక నవలగా రాస్తే? అసలు పుస్తకమెందుకు, ధ్వనిముద్రణలన్నీ ఒక సీరీస్‌గా విడుదల చేస్తే? షోలాపూర్, భివండీ, సూరత్‌లను కలిపి మూడు సంపుటాలుగా వేస్తే?

ప్రతి ఆలోచనా బాగానే ఉంది. ప్రతిదీ వెనకటి దానికంటె కొంచెం గొప్పగా ఉంది. ఒక్కొక్కటి వచ్చినకొద్దీ లింబాయత్ పెద్దాయనకు ఇచ్చిన మాట మరింత చిన్నదిగా, మరింత మామూలుదిగా కనిపించసాగింది. రాత్రంతా మేలుకొని నేను చేసినది పుస్తకాన్ని ప్రారంభించడం కాదు. పదకొండు దిక్కుల నుంచి దానికి దూరంగా జరగడం.

ఇటువంటి మనసు నా ఒక్కడిదే కాదని నాకు తెలుసు. ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామందికి ఇదే జబ్బు. వార్తాపత్రిక మాకు నేర్పేది మొదలుపెట్టడం. ప్రతి ఉదయం ఒక కొత్త విషయం, సాయంత్రానికి దానికి ఒక ముగింపు, మరునాడు మరొకటి. ముప్పై ఏళ్లు అలా గడిపిన బుర్రకు ఒకే విషయం మీద రెండేళ్లు కూర్చోవడం చేతకాదు. రచయితలలో, చిత్రకారులలో, నాటక ప్రయోక్తలలో, సినిమా కథలు రాసుకొనే యువకులలో కూడా ఇదే చూశాను. వారి సంచులలో కథలు తక్కువ, కథల పేర్లు ఎక్కువ.

ఇటువంటి వారికి లోకం రెండు రకాల సలహాలు ఇస్తుంది. మొదటిది, మనసును అదుపులో పెట్టమని. ధ్యానం చేయండి, ఫోను పక్కన పెట్టండి, ఆలోచనలను రానీయకండి. రెండవది, అదొక వరమని. అన్ని ఆలోచనలు రావడం ప్రతిభకు గుర్తు, వాటి వెంట వెళ్లండి, ఏదో ఒక రోజు ఒకటి పండుతుంది. రెండూ నాకు పనికి రాలేదు. మొదటి సలహా పాటించిన రోజున ఆలోచనలతో పాటు పని కూడా ఆగిపోయింది. రెండవది పాటించిన పదేళ్లలో నోటు పుస్తకాలు పెరిగాయి తప్ప అచ్చయిన పుటలు పెరగలేదు.

ఈ రెండు సలహాలలోనూ ఒకే పొరపాటు ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. సమస్య ఆలోచనల సంఖ్యలో ఉన్నట్లు రెండూ భావిస్తాయి. సంఖ్యతో చిక్కు లేదు. ఆ పదకొండు ఆలోచనలలో పదింటికి నేను ఎవరికీ జవాబుదారీ కాదు. వాటిలో ఏ ఒక్కటీ పూర్తి కాకపోయినా అడిగేవారు లేరు. పదకొండవ దానికి మాత్రం అడిగే మనిషి ఉన్నాడు, గడువు ఉంది, ఎక్కడ ఆగాలో తెలిపే హద్దు ఉంది. అందుకే మనసు దాని నుంచి పారిపోతోంది. రాయని పుస్తకంలో తప్పులుండవు. రాసే పుస్తకంలో మొదటి పుటలోనే అవి కనిపిస్తాయి. కొత్త ఆలోచన అనేది చాలాసార్లు పాత పనిలో మొదటి కష్టం ఎదురైన చోట పుడుతుంది. అది సృజన అనిపిస్తుంది; నిజానికి అది తప్పించుకోవడం.

మరునాడు నేను నర్మద్ ఇల్లు చూడడానికి వెళ్లాను. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడిగా చెప్పుకొనే కవి నర్మదాశంకర్ దవే 1833లో సూరత్‌లోనే పుట్టాడు. ‘సరస్వతీ మందిరం’ అని ఆయన పేరు పెట్టుకున్న ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది. నగరంలోని విశ్వవిద్యాలయానికీ, కేంద్ర గ్రంథాలయానికీ ఆయన పేరే. తెలుగువారికి వెంటనే అర్థమయ్యేలా చెప్పాలంటే, కందుకూరి వీరేశలింగంలోని సంస్కర్తనూ, పత్రికా రచయితనూ ఒక భావకవితో కలిపితే ఎలా ఉంటుందో ఊహించండి.

ఆలోచనలతో పొంగిపోయే మనసుకు నర్మద్ కంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1858లో, 25 ఏళ్ల వయసులో, ఉపాధ్యాయ ఉద్యోగం వదిలి ఇకపై కలం మీదనే బతుకుతానని ప్రతిజ్ఞ చేశాడు. కవితలు రాశాడు, వ్యాసాలు రాశాడు, ఛందస్సు మీద, అలంకారాల మీద రాశాడు. వితంతు వివాహం గురించి మఠాధిపతితో బహిరంగంగా వాదానికి దిగాడు. తరువాత తానే ఒక వితంతువును పెళ్లాడాడు. 1864లో ‘దండియో’ అనే పత్రిక పెట్టాడు. 1866లో, 33 ఏళ్లకే, ఆత్మకథ రాశాడు. ప్రపంచ చరిత్ర రాశాడు. ఏది తలపుకు వస్తే అది చేశాడనిపిస్తుంది.

ఆయనకు ఒక గొప్ప కోరిక ఉండేది. గుజరాతీలో వీరరస ప్రధానమైన మహాకావ్యం రాయాలని. అందుకు తగిన ఛందస్సు ఏదీ లేదనిపించి ‘వీరవృత్తం’ అనే కొత్త వృత్తాన్ని కూడా రూపొందించుకున్నాడు. ‘వీరసింహ’ అనే ఆ కావ్యం పూర్తి కాలేదు. ‘రుదనరసిక’ అనే మరొక కావ్యం కూడా పూర్తి కాలేదు. కానీ అదే మనిషి, అదే చంచలమైన మనసుతో, అవే అప్పులతో, ‘నర్మకోశ’ అనే గుజరాతీ నిఘంటువును 1873 నాటికి సంపూర్ణంగా వెలువరించాడు. దాదాపు 25 వేల మాటలు. ఒక్కడి శ్రమ. పన్నెండేళ్లకు పైగా పట్టిన పని.

మహాకావ్యం ఎందుకు ఆగింది, నిఘంటువు ఎందుకు ముగిసింది? ప్రతిభ అనేది జవాబు కాదు, రెండూ ఒకరివే. సులువు అనేదీ జవాబు కాదు, నిఘంటువు కంటె విసుగు పుట్టించే పని అరుదు. నాకు తోచిన జవాబు ఇది. మహాకావ్యం ఎంత గొప్పగా ఉండాలో నిర్ణయించేది ఆయన ఊహ ఒక్కటే. ఊహకు అంతం లేదు. నిఘంటువుకు హద్దును అక్షరమాల గీసింది. ఇవాళ ఏ అక్షరం దగ్గర ఉన్నాడో, ఇంకా ఎన్ని మిగిలాయో ప్రతి రాత్రీ ఆయనకు తెలుసు. పైగా అది ఒక భాషాసమాజానికి తాను పడిన బాకీ అనే స్పృహ ఆయనకు ఉంది.

మరొక సంగతి కూడా గమనించాలి. ఇవాళ గుజరాత్ ప్రభుత్వ ఉత్సవాలలో రాష్ట్ర గీతంగా వినిపించే నర్మద్ పాట ఆ నిఘంటువు పీఠికలో భాగంగా వచ్చింది. మహాకావ్యం కోసం ఆయన వెతికిన కవిత్వం, మాటల పట్టికలు పూర్తి చేస్తున్న చేతికి దొరికింది. ఒకే పనికి కట్టుబడితే మిగిలిన ఆలోచనలు చచ్చిపోతాయని మనం భయపడతాం. ఇక్కడ జరిగినది దానికి వ్యతిరేకం.

అయితే హద్దు ఉంటే చాలు, పని అయిపోతుందని చెప్పలేను. మన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు కథ అందుకు అడ్డు వస్తుంది. ఆయన పని కూడా అకారాది క్రమంలోదే. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ప్రముఖుడు, మునగాల సంస్థానానికి దివాను, చరిత్ర పరిశోధకుడు. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నాడు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ ‘అ’ అక్షరంతోనే సరిపోయాయి. 1923లో, 46 ఏళ్లకు, ఆయన కన్నుమూశాడు. ఆ సంపుటాల విలువను తగ్గించే ఉద్దేశం నాకు లేదు. తెలుగులో శాస్త్ర వ్యాసం ఎలా ఉండాలో అవి చూపించాయి. కానీ ‘అ’ దగ్గరే మూడు సంపుటాలు నిండడంలో నాకు తెలిసిన ఒక మనసు కనిపిస్తుంది. ప్రతి మాట వెనుకా మరొక ప్రపంచం ఉందని తెలిసిన మనసు, దేన్నీ క్లుప్తంగా వదలలేని మనసు. హద్దు పనికి చివరనే కాదు, ప్రతి భాగానికీ ఉండాలి. అంతకంటె ముఖ్యంగా, ఒక్కరి ఆయుష్షుకు మించిన పనిని మొదటి రోజునే పదిమందికి పంచాలి. ఆయన తరువాత ఆ సర్వస్వాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు భుజాన వేసుకున్నారు. బాకీ చేతులు మారింది, మాఫీ కాలేదు.

గురజాడ మూడో దారి చూపిస్తాడు. ఆయన డైరీలు చదివినవారికి ఆ మనసు ఎన్ని వైపుల పరుగెత్తేదో తెలుసు. ‘బిల్హణీయం’, ‘కొండుభట్టీయం’ నాటకాలు అసంపూర్ణంగా మిగిలాయి. కానీ 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చు వేసిన ‘కన్యాశుల్కం’ దగ్గరికి ఆయన మళ్లీ వచ్చాడు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అంటే, ఆ మధ్య పన్నెండేళ్లలో మనుషుల గురించి, భాష గురించి, విజయనగరం గురించి వచ్చిన ఆలోచనలకు ఆయన కొత్త ఇళ్లు కట్టలేదు. ఉన్న ఇంట్లోకే వాటిని తీసుకొచ్చాడు. గిరీశం, మధురవాణి ఇవాళ మనకు తెలిసిన మనుషులుగా నిలబడింది ఆ రెండో కూర్పు వల్లనే.

ఇప్పుడు రాజకీయాల దగ్గరికి వస్తాను. ఎందుకంటే ఈ జబ్బు ఒక రచయిత గదిలో ఉంటే నష్టం కొన్ని తెల్ల కాగితాలు. అదే జబ్బు ప్రభుత్వానికి సోకితే నష్టపోయేది నమ్మి ఎదురుచూస్తున్న జనం.

మన రాజకీయ నాయకులలో ఆలోచనలకు కొదవ ఉన్నవారు అరుదు. కొదవ ఉన్నది ముగింపులకు. శంకుస్థాపన శిలాఫలకం మీద పేరు ఉంటుంది. నిర్వహణ ఖర్చుల పద్దులో ఎవరి పేరూ ఉండదు. అందుకే మన ప్రజాస్వామ్యం మొదలుపెట్టేవారికి ఓట్లు, ముగించేవారికి మరపు ఇస్తుంది. అమరావతిని తీసుకోండి. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. ఆ ప్రణాళికలో అవసరాన్ని మించిన వైభవం ఉందని అప్పట్లో రాసినవారిలో నేనూ ఉన్నాను. నర్మద్ మహాకావ్యం లాగా అది ఊహకు మాత్రమే జవాబుదారీగా కనిపించింది. 2019లో ప్రభుత్వం మారింది. పాత ఆలోచనను చిన్నది చేసి పూర్తి చేయడానికి బదులు, మూడు రాజధానులనే మరింత కొత్త ఆలోచన వచ్చింది. 2024లో మళ్లీ మార్పు. 2025 మే 2న అదే ప్రధానమంత్రి పనుల పునఃప్రారంభానికి అదే చోటికి వచ్చారు. ఈ పదేళ్లలో ఎవరి ఆలోచన మంచిది అన్న దాని మీద మనం తెగ వాదించుకున్నాం. 29 గ్రామాలలో భూములిచ్చిన రైతులకు ఇచ్చిన మాట ఏమైందన్నది ఆ వాదాలలో పక్కకు పోయింది. వారి దృష్టిలో రాజధాని ఒక ఆలోచన కాదు. తమకు రావలసిన బాకీ.

దీనికి ఎదురుగా సూరత్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తతో లక్షల మంది ఆ నగరం విడిచి పారిపోయారు. వారిలో ఎక్కువమంది వలస కార్మికులే. నగరాన్ని ఎలా బాగుచేయాలన్న దాని మీద ఆలోచనలకు అప్పుడూ కొదవ లేదు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు పేరు ఈ రోజుకీ అక్కడివారు తలచుకుంటారు. ఆయన ఏదో అపూర్వమైన సిద్ధాంతం కనిపెట్టినందుకు కాదు. తాను సహా అధికారులంతా ప్రతి ఉదయం ఏసీ గదులు వదిలి వీధులలో ఉండాలి. మధ్యాహ్నం అందరూ కూర్చొని పొద్దున చూసినదాని మీద నిర్ణయం తీసుకోవాలి. నగరాన్ని జోన్లుగా విడదీసి, ఒక్కొక్క జోన్‌కు ఒక్కొక్క అధికారిని బాధ్యుడిని చేశారు. చెత్త ఎత్తడం, మురుగు కాల్వలు, రోడ్ల మీద ఆక్రమణలు. రోజూ అదే పని. రెండేళ్లు తిరగకుండా దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో చండీగఢ్ తరువాతి స్థానం సూరత్‌కు దక్కింది.

ఇందులో సృజన ఏముందని అడగవచ్చు. నా దృష్టిలో చాలా ఉంది. వచ్చిన వంద ఆలోచనలలో రేపు పొద్దున వీధిలో కనిపించేది ఏది అని అడగడం కూడా సృజనే. అయితే అది శిలాఫలకం మీదికి ఎక్కని సృజన.

ఈ వాదానికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనది. మొదలుపెట్టిన ప్రతిదాన్నీ ముగించవలసిందేనా? తప్పుడు పనిని పట్టుకొని వేలాడడం కూడా జబ్బు కాదా? అవును. ప్రభుత్వాలు ముగించకుండా వదిలేస్తే మేలు జరిగే పథకాలు నాకు కొన్ని తెలుసు. నర్మద్ కూడా చివరి దశలో తన సంస్కరణ భావాలనే తిరగదోడాడు, ఆ మార్పును దాచకుండా రాశాడు. ఒక పనిని వదిలేయడంలో అవమానం లేదు. కానీ వదిలేస్తున్నానని ఎదురుచూసే మనిషికి చెప్పి వదలాలి. ఎందుకు వదులుతున్నామో చెప్పవలసి వస్తే, చాలాసార్లు సరైన కారణం దొరకదు. అప్పుడు మళ్లీ కూర్చొని రాయడమే సులువవుతుంది. “రాస్తూనే ఉన్నాను తాతా” అన్న అబద్ధానికి బదులు “నేను ఇది రాయలేను” అన్న నిజం చెప్పే ధైర్యం నాకు ఆ రోజు ఉండి ఉంటే, అది కూడా ఒక విధమైన ముగింపే అయ్యేది.

మరొక మాట కూడా స్పష్టంగా చెప్పాలి. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆలోచనల వేగం భయం పుట్టించినా అది క్రమశిక్షణ సమస్య కాదు, వైద్యుడిని కలవవలసిన విషయం. నేను మాట్లాడుతున్నది కాగితం ముందు కూర్చున్నప్పుడు చెదిరిపోయే మామూలు మనసు గురించి.

సూరత్‌లో చివరి రోజు మళ్లీ లింబాయత్ వెళ్లి నిజం చెప్పాను. ఏమీ రాయలేదని, రాయబోతే వేరే పది సంగతులు గుర్తుకొచ్చి చెదిరిపోతున్నానని. పెద్దాయన కోపగించలేదు. పక్కన ఆడుతున్న మరమగ్గాన్ని చూపించారు. వారి మాటలో సాంచ.

“బీము ఎక్కినంక దాన్ని ఒడగొట్టాలె సారూ. నడుమల దించితే దారం ఖరాబైతది. ఇంకో గుడ్డ ముచ్చట బీము ఒడిసినంకనే.”

పడుగు చుట్టిన బీము మగ్గం మీదికి ఎక్కించడం ఎంత పనో అప్పుడు చూశాను. కొత్త పడుగు పోగులను పాత పడుగు తోకకు ఒక్కొక్కటిగా అతుకుతున్నారు. వేల పోగులు. అన్ని పోగులు అతికిన తరువాత, ఇంకో రంగు బాగుంటుందేమోనని ఎవరూ అనుకోరు. అనుకున్నా ఆ రంగు తరువాతి బీముకు పోతుంది.

తిరిగి వచ్చాక నేను చేసినవి చాలా చిన్న పనులు. మొదటిది, పుస్తకానికి హద్దు గీశాను. ఒకే వీధి, తొమ్మిది కుటుంబాలు, ఊరు విడిచిన రోజు నుంచి సూరత్‌లో మొదటి జీతం అందిన రోజు వరకు. 1907 లేదు, బార్డోలీ లేదు, షోలాపూర్ లేదు. రెండవది, మిగిలిన పది ఆలోచనలను వేరొక నోటు పుస్తకంలో తేదీ వేసి రాశాను. కొత్తది ఏది తట్టినా అక్కడికే వెళుతుంది. రాసిపెట్టిన ఆలోచన మనసును మునుపటిలా గుంజదు. మూడవది, ఏ రోజు పనినీ వాక్యం పూర్తయ్యేదాకా సాగనీయకుండా, మరునాడు ఎక్కడ అతకాలో తెలిసేలా పోగు మిగిల్చి ఆపడం. నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది, అధ్యాయం పూర్తికాగానే దాన్ని దాచుకోకుండా సొంతదారులకు వినిపించడం.

నేను భయపడినట్లు పాత ఆలోచనలు చావలేదు. ప్లేగు రోజులు మూడో కుటుంబం కథలోకి వాటంతట అవే వచ్చాయి, ఎందుకంటే వారు ఆ వారమే రైలెక్కి ఊరికి పారిపోయారు. తాపీ వరద అయిదో కుటుంబం ఇంట్లోకి వచ్చింది. సూరత్ నగరపాలక విద్యా సమితి నడిపే తెలుగు మాధ్యమ బడి ఏడో కుటుంబంలోని పిల్లల వెంట వచ్చింది. పిలవకుండా వచ్చినవి పనికొచ్చాయి. నేను పిలిచి కూర్చోబెట్టాలనుకున్నవి చాలామటుకు ఇప్పటికీ రెండో నోటు పుస్తకంలోనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడు బాధ కలగడం లేదు. బీము ముగిసినప్పుడు చూద్దాం.

మొదటి అధ్యాయాన్ని పెద్దాయనకు ఫోనులో చదివి వినిపించాను. ఆయన చూపు ఇప్పుడు బాగా తగ్గింది, చదవలేరు. మధ్యలో ఎక్కడా ఆపలేదు. చివర రెండు తప్పులు చెప్పారు. ఆయన మొదట పనిచేసిన ఖార్ఖానాలో సాంచాలు నేను రాసినన్ని లేవట. ఊరు విడిచిన రోజు వాన పడలేదట. నేను ఎక్కడి నుంచో వాన తెచ్చిపెట్టాను. రెండూ దిద్దుకున్నాను.

“రెండోది ఎప్పుడు సదువుతరు సారూ?” అని అడిగారు.

తేదీ చెప్పాను. ఇంకా పందొమ్మిది రోజులుంది.